గలీని వాళ్ళ నాన్న

మా వీధికి చేపలు తెచ్చే ఆమెది నర్సాపురం దగ్గర గోదావరి దాటితే వచ్చే సముద్రపొడ్డు ఊరు. నేను పదకొండేళ్ళు తెలుగు చెప్పిన హైస్కూలు వాళ్ళ పక్క ఊళ్ళోనే. పోయిన నెలాఖరున ఒక ఉదయం తట్ట మా అరుగు మీద దించి, పైన కప్పిన తడి గుడ్డ తీస్తూ, ఓడాయన పోయాడని చెప్పింది. బాగా పొద్దెక్కినా వాకిట్లో మనిషి కనపడకపోతే పక్కింటివాళ్ళు తలుపు తోసి చూశారట. నిద్రలోనే ప్రాణం పోయిందట. "ఎవరికీ శ్రమ పెట్టకుండా ఎల్లిపోయాడండి టీచరు గారు" అంది. తర్వాత ఏం తీసుకుంటారని అడిగింది. ఈ రోజుకి ఏమీ వద్దన్నాను.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. హైస్కూలు రిజిస్టరులో తండ్రి పేరు అన్న గడిలో నా చేత్తోనే రాశాను. కాని ఊళ్ళో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పాతికేళ్ళు ఓడల మీద వంటపని చేసి వచ్చినవాడు గనక అందరికీ ఓడాయన. స్కూల్లో మాకు గలీని వాళ్ళ నాన్న. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

మనిషి పొట్టి. నేల మీద నిలబడినా కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేవాడు. కింద ఏదో కదులుతోందని, ఎప్పుడో ఒకప్పుడు ఒరుగుతుందని ఆ కాళ్ళకు ఇంకా నమ్మకం. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. ముందు కిటికీలోంచో గుమ్మంలోంచో బయటికి చూసి, చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో గమనించి, అప్పుడు మాట్లాడతాడు. మా హెడ్మాస్టరు గారికి అది పొగరుగా కనిపించేది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. గాలి చూసుకోకుండా నోరు తెరవడం ఆయనకు చేతకాదని తర్వాత తెలిసింది.

టీ ఇస్తే సగం గ్లాసే పోయమనేవాడు. "నీళ్ళ మీద బతికినోళ్ళం అండి, నిండు గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుద్ది" అనేవాడు. వాళ్ళింట్లో అన్నం పెట్టేటప్పుడు బల్ల మీద తడి గుడ్డ పరిచి దానిమీద కంచాలు పెట్టేవాడు. ఓడ ఊగినప్పుడు పొడి బల్ల మీద కంచం జారిపోతుంది, తడి గుడ్డ మీద నిలబడుతుంది. ఇంట్లో బల్ల ఎటూ పోదని నేను ఒకసారి అంటే, తలూపి, గుడ్డ మాత్రం తీయలేదు. చేతికి తాడు ముక్క దొరికితే ముడి వేయకుండా ఉండలేడు. గేటు, గొడుగు, సైకిలు వెనక సంచీ, అన్నింటికీ ముడులే. ఆయన వేసిన ముడి ఎంత గుంజినా రాదు, ఆయనే ఒక కొస పట్టుకుని లాగితే వెంట్రుకలా విడిపోయేది.

నాకు మొదటిసారి పరిచయమైంది కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చినప్పుడు. ఓడ దిగి సెలవు మీద వచ్చాడు. భార్య లేదు, పిల్ల మూడేళ్ళదప్పుడు జ్వరంతో పోయింది. పిల్లను ఆయన తల్లి పెంచుతోంది. ఆ ముసలావిడ వరండాలో కూచుంటే, ఈయన నా బల్ల ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. పిల్ల పేరు అడిగాను. గలీని అన్నాడు. నళిని అని రాయబోయాను. కాదన్నాడు. అయితే గాలిని అన్నమాట అన్నాను. అదీ కాదన్నాడు. బయటికి చూసి, తొందర లేకుండా విడమరిచి చెప్పాడు. "గా కాదండి, గ. లీ దగ్గర కాస్త ఆగాలి. గ-లీ-ని." కలం నా చేతిలోనే ఉంది. ఇదేం పేరండీ, ఎక్కడిదీ అని అడిగాను. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మొహం విప్పారింది.

ఆయన చేరిన మొదటి ఓడలో పెద్ద వంటవాడు గ్రీసు దేశపు ముసలాయన. కూరగాయలు తరగడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పాడట. ఒకసారి నాలుగు రోజులు తుఫానులో చిక్కుకున్నారు. గిన్నెలన్నీ గోడలకు కట్టేసి, బ్రెడ్డు ముక్కలతో గడిపారు. అయిదో రోజు తెల్లవారేసరికి సముద్రం నూనె పోసినట్టు ఉంది. ముసలాయన డెక్కు మీదకొచ్చి, టోపీ తీసి, ఒకే మాట అన్నాడు, గలీని అని. అంటే ఏంటని అడిగితే నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. అలాంటి నీళ్ళకు వాళ్ళ భాషలో అదే మాట. వాళ్ళ పాత కథల్లో సముద్రంలో ఉండే ఒక ముసలి దేవుడికి యాభైమంది కూతుళ్ళట. అందులో ఒక కూతురి పేరు గలీని. అలలను పడుకోబెట్టడం ఆమె పని. ఆ ముసలాయన తల్లి పేరు కూడా అదే. వాళ్ళ దేశంలో కూడా ఇప్పుడా పేరు ఎవరూ పెట్టుకోవడం లేదని, తన తల్లితోనే ఆఖరని దిగులుపడేవాడట. "మా ఇంట్లో ఆడపిల్ల పుడితే నేను పెడతానండి అని మాటిచ్చానండి" అన్నాడు. ఆ తర్వాత రష్యావాళ్ళు ఎక్కువగా ఉన్న ఓడలో పనిచేస్తే, వాళ్ళు నవ్వారట, అదేం అరుదైన పేరు, కొంచెం మార్చి మా ఊళ్ళలో వీధికి ఇద్దరికి పెడతాం అని. దానికీ సంతోషపడ్డాడు. తన కూతురికి దేశాల అవతల చుట్టాలున్నారని అందరికీ చెప్పాడు.

ఆ రోజు నేను రిజిస్టరులో గలీని అని గుండ్రంగా రాశాను. ఆయన వంగి చూశాడు. తెలుగు కూడబలుక్కుని చదవగలడు. మూడు అక్షరాలనూ వేలు పెట్టి చదివి, థాంక్సండి అన్నాడు.

గ్రీసువాళ్ళకు పుట్టినరోజు కంటే పేరు పండగ పెద్దదట. ఒక్కో పేరుకు ఏడాదిలో ఒక్కో రోజు ఉంటుంది. గలీని రోజు ఏప్రిల్ నడుమ వస్తుందని ముసలాయన చెప్పాడట. సెలవు మీద ఇంట్లో ఉంటే ఆ రోజు ఓడాయన పెద్ద పళ్ళెంలో కొబ్బరి లౌజు పట్టుకుని ఒంటిపూట బడికి వచ్చేవాడు. లేకపోతే ఏ దేశం రేవు నుంచో ఫోను చేసి తల్లి చేత పంపించేవాడు. ఏ పండగని అడిగితే పిల్ల సిగ్గుతో తల దించుకునేది. ఆయన మాత్రం స్టాఫ్ రూములో అందరికీ వివరంగా చెప్పేవాడు. మా లెక్కల మాస్టారు రెండో ఏడు నుంచి ఆయన నోరు తెరవకముందే, "తెలుసులెండి, గాలి లేని నీళ్ళు" అనేవారు.

తప్పు జరిగింది మన చెవుల దగ్గర. ఆ మాటకు అర్థం గాలి లేని నీళ్ళయితే, మన పిల్లలకు అందులో గాలి ఒక్కటే వినపడింది. ఏడో తరగతికి వచ్చేసరికి ఆమె గాలి అయింది. గాలిపిల్ల, గాలిమేడ, గాలి సోకింది. ఆమె క్లాసులోకి రాగానే వెనక బెంచీలవాళ్ళు పుస్తకాలు ఎగిరిపోతున్నట్టు పట్టుకునేవారు. నేను ఇద్దరు ముగ్గుర్ని నిలబెట్టి తిట్టాను. తిట్టిన కొద్దీ ఎక్కువైంది. ఆ పిల్ల ఏడిచే రకం కాదు. నల్లగా, సన్నగా, తండ్రిలాగే మాట్లాడే ముందు బయటికి చూసేది. చదువులో ముందుండేది. పేరు పిలిస్తే మాత్రం చెయ్యి ఎత్తేది, నోటితో పలికేది కాదు.

పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే రోజులు. నేనే క్లాసు టీచర్ని. మధ్యాహ్నం అన్నాల బెల్లయ్యాక గలీని నా దగ్గరకొచ్చి ఒక కాగితం ఇచ్చింది. హెడ్మాస్టరు గారికి దరఖాస్తు. తన పేరు వల్ల అందరూ ఎగతాళి చేస్తున్నారు గనక రికార్డుల్లో నళిని అని మార్చవలసిందిగా కోరుతోంది. కింద నాయనమ్మ వేలిముద్ర. నాన్నకు చెప్పావా అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూసి, "నాన్నకి తెలిస్తే ఓడ మీద అన్నం మానేస్తాడు టీచర్. చెప్పకండి. ఇంట్లో ఎలాగూ గలీనినే కదా" అంది.

నేను ఆలోచించలేదని చెప్పలేను. రెండు రోజులు ఆలోచించాను. నర్సు అవుతానంటున్న పిల్ల, రేపు ప్రతి ఆఫీసులోనూ ప్రతి కౌంటరు దగ్గరా ఈ మూడక్షరాలు పలికించడానికి తంటాలు పడాలి. నళిని మంచి పేరు. హెడ్మాస్టరు గారు బదిలీ హడావిడిలో ఉండి, నేను పెట్టిన చోటల్లా సంతకం చేశారు. పాత పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, పైన నళిని అని రాసినది నేనే. ఆ పిల్ల అది చూసి నవ్వింది. ఆమె పళ్ళు నేను సరిగా చూడటం అదే మొదటిసారి.

ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. ధవళేశ్వరంలో స్థిరపడ్డాను. గలీని కబుర్లు అప్పుడప్పుడు ఫోనులో తెలిసేవి. నర్సింగ్ చదివింది. ఆధార్ కూడా టెన్త్ సర్టిఫికెట్ చూపించి మార్చుకుందని తనే చెప్పింది. నాయనమ్మ పోయింది. తండ్రి ఓడ పని మానేసి ఊళ్ళో ఉండిపోయాడు. ఆమెకు నర్సాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున్నే గోదావరి దాటి వెళ్ళి, సాయంత్రం దాటి వచ్చేది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు ఇంట్లో సంచీ అడుగున ఉండేదట. పడవ ఎక్కాక తీసి మెడలో వేసుకునేదట. ఈ సంగతి ఆమెతోపాటు రేవు దాటే ఒక టైలరమ్మ నాకు తర్వాత చెప్పింది. ఆ టైలరమ్మ ఆ రోజు ఒంట్లో బాగాలేక పడవ ఎక్కలేదు.

ఆ రోజు రేవులో మనుషుల్నీ బళ్ళనూ ఏరు దాటించే పెద్ద పంటు చెడిపోయి ఆగిపోయింది. డ్యూటీలకు, కాలేజీలకు వెళ్ళేవాళ్ళంతా రేవు పక్కన ఉండే ఇంజను పడవ ఎక్కారు. మోయాల్సిన దానికి రెట్టింపు మంది. నడి ఏట్లో సముద్రపు పోటు మీద పడవ ఒరిగింది. జనం భయపడి ఒకే పక్కకు జరిగారు. అంతే.

నాకు మర్నాడు పొద్దున పేపరు చూస్తే తెలిసింది. మృతదేహాలు దొరికినవాళ్ళ పేర్లు, దొరకనివాళ్ళ పేర్లు వేరువేరుగా వేశారు. దొరకనివాళ్ళలో గలీని ఉంది, తండ్రి చెప్పిన వివరాలతో. దొరికినవాళ్ళలో చివరి పేరు నళిని, స్టాఫ్ నర్సు, బంధువులు రావలసి ఉంది. రెండు పేర్లూ ఒకే పేజీలో, వేలెడు దూరంలో ఉన్నాయి. పేపరు చేతిలో ఉండగానే నంబరు నొక్కాను. ఆయన ఫోను కలవలేదు. బస్సెక్కాను. నర్సాపురం చేరేసరికి మధ్యాహ్నమైంది.

రేవులో షామియానా వేశారు. మైకులో ఒకాయన పేర్లు చదువుతున్నాడు. నళిని, స్టాఫ్ నర్సు, గవర్నమెంటు ఆసుపత్రి మార్చురీలో ఉంది, సంబంధీకులు రావాలి అని. ఆసుపత్రి వాళ్ళు వచ్చి గుర్తుపట్టి నళిని అనే చెప్పారట. కార్డు మీద ఇంటిపేరు లేదు, ఇంటివాళ్ళెవరో వచ్చినవాళ్ళకు తెలియదు. ఆమె ఇచ్చిన నంబరు ఆమె ఫోనుదే, అది నీళ్ళలో ఉంది. ఊరి పేరు మాత్రం చెప్పారు. పోలీసులు ఊరివాళ్ళను అడిగితే, మా ఊళ్ళో నళిని అనే పిల్లే లేదన్నారు. ఓడాయన కూడా అదే చెప్పాడు.

ఆయన షామియానాకు దూరంగా, మెట్ల మీద నీళ్ళకు ఎదురుగా కూచున్నాడు. ముందురోజు పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. "మన పిల్ల పేరు ఇంకా రాలేదండి" అన్నాడు. అది ఈత వచ్చిన పిల్లని, పోటు ఎటు లాగిందో ఆ ఒడ్డునే ఎక్కడో ఎక్కి ఉంటుందని, ఏటి మధ్య లంకల్లో వెతకమని పడవవాళ్ళకు చెప్పానని చెప్పాడు. ఎవరో నర్సు పిల్లంట, పాపం, ఎవరూ రాలేదు, మైకులో పిలుస్తూనే ఉన్నారు అన్నాడు.

నేను కూచోమన్నాను. పక్కన కూచుని చెప్పాను. ఆ నళిని మన గలీనియేనండి, పదో తరగతిలో పేరు అలా పడింది అన్నాను. పడటమేంటి అన్నట్టు చూశాడు. "నేనే పొరపాటున రాశాను" అన్నాను. ఆ అబద్ధం నేను బస్సులో అనుకున్నది కాదు. చచ్చిపోయిన పిల్ల మీద, ఆయన ముందు, ఆ మెట్ల మీద, చాడీ చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన ఏటి వైపు చూశాడు. మైకులో మళ్ళీ పేర్లు మొదలై, మళ్ళీ నళిని దాకా వచ్చాయి. "ఈ పేరు ఎప్పట్నించి చదువుతున్నారండి?" అని అడిగాడు. నిన్న సాయంత్రం నుంచి అని పక్కన ఎవరో చెప్పారు.

"అయితే నిన్న సాయంత్రం నుంచి అది అక్కడ ఒక్కతే ఉందన్నమాట" అన్నాడు.

మార్చురీ అక్కడికి పావుగంట నడక. ఆయన ముందు, నేను వెనక. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. లోపల కానిస్టేబులు వివరాలు రాసుకుంటూ మృతురాలి పేరు నళిని అని పైకి చదివాడు. ఈయన కాదన్నాడు. గలీని అన్నాడు. గా కాదండి, గ అని విడమరిచాడు. అదే గొంతు, అదే తొందరలేనితనం. కానిస్టేబులు మర్యాదగానే, కార్డులో ఉన్నదే రాయాలి బాబాయ్ అన్నాడు. ఈయన వాదించలేదు. కూతురి దగ్గరకు వెళ్ళాడు. కార్డు తాడు తడికి బిగుసుకుపోయి మెడ దగ్గర చిక్కుపడి ఉంది. అక్కడి మనిషి కత్తెర తెస్తానన్నాడు. ఈయన చెయ్యి అడ్డం పెట్టి, ముడిని వేళ్ళతో తడిమి, ఒక కొస దొరకబుచ్చుకుని నెమ్మదిగా విప్పాడు. కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మీదండి" అన్నాడు.

తర్వాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అంత్యక్రియలకు నేను వెళ్ళినా పలకరించలేదు. పేరు తప్పు రాసిన టీచరని ఊరంతా పాకింది. నాతో పనిచేసిన వాళ్ళే ఫోను చేసి నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను.

ఒక రోజు ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడ్డాడు. టీ వద్దన్నాడు. మరణ ధ్రువీకరణ పత్రంలో నళిని అని ఉందని, దాన్ని గలీని చేయించాలని, దానికి ఇద్దరూ ఒకరేనని స్కూలు తరఫున ఎవరైనా చెప్పాలని అన్నాడు. వస్తానన్నాను. పాత రిజిస్టరు పేజీ నకలు తీయించాను. నేను గీసిన ఎర్ర గీత అందులో నల్లగా పడింది.

నాలుగు సార్లు తిరిగాం. తహసీల్దారు ఆఫీసు వరండాలో చెక్క బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూచునేవాళ్ళం. ఒకసారి గాలిని అని వచ్చింది. ఒకసారి గలిని. ప్రతిసారీ ఆయన కౌంటరు దగ్గర నిలబడి, లీ దగ్గర ఆగాలండి అని చెప్పేవాడు. విసుక్కున్నది నేనే గాని, ఆయన కాదు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆయనంతట ఆయనే మాట్లాడాడు. గ్రీసు ముసలాయన ఇంకా బతికే ఉన్నాడట. తొంభై దాటాయి. ఫోనులో చెబితే ఏడ్చాడట. ఏడుస్తూ, ఇన్నేళ్ళూ చెప్పని ఒక సంగతి చెప్పాడట. ఏప్రిల్ నడుమ వచ్చే ఆ పేరు పండగ ఊరికే వచ్చింది కాదు. ఎప్పుడో వాళ్ళ దేశంలో కొరింథు అనే రేవులో, ఏసు మీద నమ్మకం వదులుకోనందుకు ఏడుగురు ఆడవాళ్ళను మెడకు రాళ్ళు కట్టి సముద్రంలో తోశారు. అందులో ఒకామె పేరు గలీని. వాళ్ళు పోయిన రోజునే వాళ్ళ పేర్లవాళ్ళకు పండగ.

"ఆ రోజు నేను కొబ్బరి లౌజు పంచానండి, ప్రతేడూ" అన్నాడు. ఆగి, మళ్ళీ, "తెలుగు చదివినోరు మీరు. ఒకటి చెప్పండి. పేరుకి బలం ఉంటదాండి? నేను పెట్టిన పేరే దాన్ని తీసుకెళ్ళిందా?" అని అడిగాడు.

నాకు ఓదార్పు మాటలు రావు. ఉన్నది చెప్పాను. పడవలో పట్టేదానికి రెట్టింపు మంది ఎక్కారు, ఒక్కరి ఒంటి మీదా తేలే జాకెట్టు లేదు, దానికి పేరేం చేస్తుందన్నాను. ఆయనకు చాలలేదు. అప్పుడన్నాను, నళిని అంటే తామర అని. తామర నీళ్ళలో మునగదు, నీరు పెరిగితే దాంతోపాటే పైకి వస్తుంది. పేరుకే బలముంటే ఆ పేరన్నా తేల్చాలి కదండీ అన్నాను.

ఆయన వరండా బయటికి, ఎండలోకి చూశాడు. "అయితే రెండు పేర్లూ పనిచెయ్యలేదన్నమాట" అన్నాడు. ఆ రోజు మాత్రం బస్టాండులో నేను ఇప్పించిన టీ తాగాడు. సగమే.

నాలుగోసారి కాగితం సరిగా వచ్చింది. మూడక్షరాలనూ వేలు పెట్టి చదువుకున్నాడు. తర్వాత రెండేళ్ళు మాకు కలిసే పని పడలేదు.

నేను రిటైరయ్యాక ఆ అబద్ధం లోపల మరీ బరువెక్కింది. ఆయన వయసు పైబడుతోంది, నా వయసూ పైబడుతోంది. కిందటేడు వర్షాలు వెనకబట్టాక ఒకరోజు ఆ ఊరు వెళ్ళాను. ఒక్కడే ఉంటున్నాడు. నన్ను చూసి ఏమీ అడగకుండా బల్ల మీద తడి గుడ్డ పరిచి, అన్నం పెట్టాడు. చిన్న చేపల పులుసు. తిన్నాక చెప్పాను. పేరు నేను పొరపాటున రాయలేదండి, పిల్లే అడిగింది, మీకు చెప్పొద్దంది అన్నాను.

"ఆయ్, తెలుసండి" అన్నాడు.

ఆసుపత్రి హాస్టల్లో గలీనికి ఒక పెట్టె ఉండేదట, నైటు డ్యూటీలప్పుడు వాడుకోవడానికి. చనిపోయిన నెలకు దాన్ని ఇంటికి పంపారు. అందులో సర్టిఫికెట్ల జిరాక్సులతోపాటు ఆ దరఖాస్తు నకలు కూడా ఉంది. దాని చేతిరాత, కింద తన తల్లి వేలిముద్ర. ఎగతాళి చేస్తున్నారు గనక అన్న మాట కూడబలుక్కుని చదివాడట.

అంటే మా గుమ్మంలో టీ వద్దన్న రోజుకే ఆయనకు తెలుసు. నాలుగు సార్లు బెంచీ మీద పక్కన కూచున్నప్పుడూ తెలుసు. మరి నన్ను ఎందుకు అడగలేదండీ అన్నాను.

ఆయన గుమ్మంలోంచి కొబ్బరాకుల వైపు చూశాడు.

"నాకు కోపం వచ్చిందండి టీచరు గారు. మామూలు కోపం కాదు. అది ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. నేను పెట్టిన పేరు సిగ్గేసి తీసేసుకుందని, నాకు చెప్పలేదని, దాని మీద పెట్టుకుంటే నేను ఒక్కరోజు బతకనండి. దాన్ని ఒక రాత్రి, ఒక పూట పక్కనే పెట్టుకుని, మా ఊళ్ళో అలాంటి పిల్ల లేదన్నాను నేను. నా మీద పెట్టుకున్నా బతకను. మీరు నేనే రాశానన్నారు. అందుకని మీ మీద పెట్టానండి. మీరు మోస్తారని తెలుసు."

ఆయన లేచాడు. కంచాలు తీస్తూ, ఆ మాట అలాగే ఉంచమన్నాడు. తను ఉన్నంతకాలం ఎవరడిగినా తప్పు నాదేనని చెప్పమన్నాడు. ఊళ్ళో పిల్లలు దాన్ని గాలి అని ఏడిపించారని, దానికి తండ్రి పెట్టిన పేరు ఇష్టం లేకపోయిందని ఎవరూ అనుకోకూడదు. సరేనన్నాను. రేవు దాకా వచ్చి నన్ను పంటు ఎక్కించాడు. అది కదిలేదాకా ఉండి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

పదో రోజుకు మొన్న వెళ్ళాను. ఇంటి ముందు టెంటు వేశారు. బంధువులు పెద్దగా లేరు, ఊరివాళ్ళే అన్నీ చూసుకుంటున్నారు. ఫోటో ముందు పళ్ళు, ఒక చుట్ట పెట్టారు. పక్కన గలీని ఫోటో కూడా ఉంది. ఇటీవలే ఆ ఊరికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి కాబోలు, నాకు మంచినీళ్ళు ఇచ్చి మీరెవరండీ అని అడిగింది. టీచర్నని చెప్పాను. ఆమె నా మొహం చూసి, కొంచెం వెనక్కి తగ్గి, అడగాలా వద్దా అని తటపటాయించింది.

"ఆ పిల్ల పేరు తప్పు రాసింది మీరేనాండి?"

ఆయన లేడు. ఆయన పెట్టిన గడువూ అయిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాటలు ఆపి నా వైపు చూశారు.

"అవునమ్మా, నేనే రాశాను" అన్నాను.